మాయా గుట్ట దిగిన నాగమల్లేశ్వరి

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, ఆదివారాలు మినహాయించి, రోజూ ఉదయం ఐదూ నలభైకి నాగమల్లేశ్వరి లిఫ్టెక్కి పదహారో అంతస్తుకి వెళ్లింది. ఆమె ఉండేది నాలుగో అంతస్తులో. పదహారులో ఆమెకి తెలిసినవాళ్లెవరూ లేరు. లిఫ్టు దిగి, కారిడార్ చివరిదాకా నడిచి, మెట్ల మీదుగా కిందికి దిగేది. అంతస్తుకి పదహారు మెట్లు. అక్కడ నేల మీదిదే ఒకటో అంతస్తు కాబట్టి కిందికి చేరేసరికి రెండు వందల నలభై. కింద మళ్లీ లిఫ్టు ఎక్కేది. అలా మూడుసార్లు.

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లోని ఆ బ్లాకులో దీన్ని మొదట గమనించింది రెండో అంతస్తు చైనా పెద్దాయన. పక్షి పంజరం పట్టుకుని ఆ వేళకే కిందికి వచ్చేవాడు.

"లిఫ్ట్ స్పాయిల్ ఆ, ఆంటీ?"

లిఫ్టు బాగానే ఉందని, చెడింది తన మోకాలని ఆమె చెప్పేది. మోకాలు చెడితే మెట్లెందుకో ఆయనకి అంతు పట్టేది కాదు. మర్నాడు మళ్లీ అదే అడిగేవాడు. ఆమె లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని చేస్తుందని తెలిశాక ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

ఆమె పని చేసేది ఆ కంపెనీ ఫోన్ల దగ్గరే. క్రాంజీ వైపు, గోదాముల మధ్య, మూడో అంతస్తులో చిన్న గది. లిఫ్టు ఆగిపోతే జనం ఫోన్ చేసే నంబరు ఆమె బల్ల మీద మోగుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ అంతస్తులో ఉన్నారు? మీతో ఎవరైనా ఉన్నారా? ఊపిరి బాగా ఆడుతోందా? ఈ మూడూ అడిగేసరికి సగం మంది ఏడుపు ఆపేస్తారని ఆమె అనుభవం. తలుపు బలవంతంగా లాగొద్దని చెప్పి, మెకానిక్‌ని పంపి, అతను చేరేదాకా లైన్లో ఉంటుంది. ఒకసారి ఒక పెళ్లికొడుకుతో నలభై నిమిషాలు మాట్లాడింది.

యాభై ఏడేళ్ల మనిషికి కుడి మోకాలి చిప్ప కింద గుజ్జు అరిగిపోయిందని సర్జన్ మార్చిలో చెప్పాడు. వచ్చే ఏడాది ఫిబ్రవరి పదకొండుకి ఆపరేషన్ ఖాయం చేశాడు. పాత మోకాలు తీసేసి కొత్తది పెడతారు. కొత్త మోకాలితో నడవొచ్చు, బస్సెక్కొచ్చు, బజారుకెళ్లొచ్చు. పట్టుకోవడానికి కమ్మీ లేని నిటారు మెట్ల సంగతి మాత్రం మర్చిపొమ్మన్నాడు.

"అలాంటి మెట్లు మనకి ఎక్కడ తగులుతాయిలే," అన్నాడు భర్త ఈశ్వరరావు, బయటికి వస్తూ.

ఎక్కడ తగులుతాయో ఆమెకి పదమూడేళ్లుగా తెలుసు.

2012 డిసెంబర్‌లో ఒంగోలులో ఉండే ఆమె అక్క కాత్యాయని రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేది. మాయా వాళ్ల క్యాలెండర్ అయిపోతోందని, ఇరవై ఒకటో తేదీ శుక్రవారం లోకం మునిగిపోతుందని టీవీలో పొద్దస్తమానం చెబుతున్నారట. కాత్యాయని అప్పటికే రెండు డ్రమ్ములు నీళ్లు పట్టించింది. అక్క నోరు మూయించాలనే ఒకే ఒక్క ఉద్దేశంతో నాగమల్లేశ్వరి ఇంటి దగ్గర లైబ్రరీకి వెళ్లి మాయా వాళ్ల గురించి ఒక పుస్తకం తెచ్చింది. అందులో లోకం మునగడం ఎక్కడా లేదు. రెండు చక్రాలున్నాయి. ఒకటి రెండు వందల అరవై రోజులది, ఒకటి మూడు వందల అరవై ఐదు రోజులది. ఆ రెండూ కలిసి మళ్లీ మొదలైన చోటికి రావడానికి యాభై రెండేళ్లు పడుతుంది. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పట్టినట్టే. ఇంకో పెద్ద లెక్కలో ఆ శుక్రవారానికి ఒక చుట్టు పూర్తయి, కొత్త చుట్టు మొదలవుతుంది. అంతే.

ఇదంతా ఆమె అక్కకి ఓపిగ్గా చెప్పింది.

"అబ్బో," అంది కాత్యాయని. "ఆ రాళ్లెక్కి చూసొచ్చినట్టు చెప్తున్నావేంటే మల్లీ."

శుక్రవారం గడిచింది. శనివారం డ్రమ్ముల్లో నీళ్లు మొక్కలకి పోశారు. అక్క ఆ ఊసే మళ్లీ ఎత్తలేదు. నాగమల్లేశ్వరి మాత్రం లైబ్రరీకి ఇంకా వెళ్తూనే ఉంది. పదకొండు పుస్తకాలు చదివింది. ఎప్పుడు ఏ విషయం మీద వాదన వచ్చినా అక్క చివరికి ఆ మాటే విసిరేది. ఎక్కి చూసొచ్చినట్టు.

మెక్సికో ప్రయాణం షష్టిపూర్తి పుణ్యం. ఈశ్వరరావుకి ఈ కార్తీకంలో అరవై నిండాయి. ఓడల మరమ్మతు యార్డులో ఇంజినీరుగా చేసి పోయిన ఏడాదే రిటైరయ్యాడు. హాలు తీసుకుని రెండు వందల మందిని పిలవాలని స్నేహితులు పట్టుబట్టారు.

"మళ్లీ పెళ్లి నా వల్ల కాదు," అన్నాడాయన. "మొదటిదే ఇంకా నడుస్తోంది."

సెంగ్‌కాంగ్‌లో ఉండే కూతురు నిఖిల రాజీ కుదిర్చింది. బ్యాంకులో పని, సెలవులు తక్కువ, మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' ఎక్కువ. అయినా పది రోజులు సర్దుకుని అమ్మానాన్నలని సముద్రం ఒడ్డున రిసార్ట్‌కి తీసుకెళ్తానంది. భర్తకి సెలవు దొరకలేదు కాబట్టి ముగ్గురే. ఫుకెట్ అంది. బాలి అంది.

"మెక్సికో," అంది నాగమల్లేశ్వరి.

"అమ్మా, థర్టీ అవర్స్ జర్నీ లా. బీచ్ ఎక్కడైనా బీచే కదా."

"అదే నేనూ అంటున్నా. అక్కడా బీచే."

ఆమె ఎంచుకున్న మాయా శిథిలాలు పేరుమోసినవి కావు. పేరుమోసిన చోట పైకి ఎక్కనివ్వరు. ఇక్కడ ఇంకా ఎక్కనిస్తారు. అడవి మధ్య ఒక పిరమిడ్, ముందు వైపు రాతి మెట్లు, మధ్యలో లావుపాటి తాడు. ఆ పేరు నోరు తిరగక ఈశ్వరరావు దాన్ని "నీ గుట్ట" అనేవాడు.

మోకాలికి వ్యాయామం చేయించే వసుంధర విశాఖ అమ్మాయి, సింగపూర్ వచ్చి నాలుగేళ్లు. గుట్ట ఫోటో పెద్దది చేసి మెట్లు చూసింది.

"ఎక్కడం పర్లేదు ఆంటీ. ఆయాసం వస్తే ఆగుతారు. దిగడమే మోకాలి పని. మీరు నేర్చుకోవాల్సింది దిగడం."

అందుకే పదహారో అంతస్తు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు అని వసుంధర నేర్పింది. ఆగస్టులో నాగమల్లేశ్వరికి ఇంకో సంగతి తట్టింది. బ్లాకు మెట్లు జానెడు ఎత్తు కూడా లేవు. గుట్ట మెట్లు దాదాపు రెట్టింపు, పైగా పాదం పూర్తిగా ఆనదు. అప్పట్నుంచి ఆదివారాలు బుకిట్ తిమా గుట్టకి వెళ్లి, పైనున్న ఎగుడుదిగుడు మెట్ల మీద పాదం అడ్డంగా పెట్టి దిగడం సాధన చేసింది. ఈశ్వరరావు నీళ్ల సీసా పట్టుకుని కింద నిలబడేవాడు. ఆయనకి ఎత్తంటే కళ్లు తిరుగుతాయి.

వసుంధర ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగేది. నొప్పి పదికి ఎంత?

"రెండు," అనేది నాగమల్లేశ్వరి.

"ఆంటీ, మీరు దిగేటప్పుడు పెదవి కొరుక్కుంటున్నారు. రెండుకి ఎవరూ కొరుక్కోరు."

"నాకది అలవాటమ్మా."

ఆరు దాటితే ఆపెయ్యాలని వసుంధర నియమం. ప్రయాణం వద్దని సర్జన్‌కి రాస్తుందేమోనన్న భయంతో నాగమల్లేశ్వరి ఏడు నెలలూ రెండు దగ్గరే నిలబడింది.

రిసార్ట్‌లో మొదటి ఉదయం ఆమె ఒడ్డున మూడు కుర్చీలు చూసి, మూడింటి మీద మూడు టిష్యూ పొట్లాలు పెట్టి టిఫినుకి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా హాకర్ సెంటర్లో, తిండి బల్లల దగ్గర, ఇలాగే చోటు ఆపి పెట్టుకుంటున్న, అంటే చోప్ చేస్తున్న చెయ్యి. పొట్లం పెట్టిన కుర్చీలో సింగపూర్‌లో ఎవరూ కూర్చోరు. తిరిగొచ్చేసరికి మూడూ అలాగే ఉన్నాయి. చుట్టూ ఉన్న కుర్చీల మీద తెల్లవాళ్ల తువ్వాళ్లు పరిచి ఉన్నాయి. పద్ధతి లోకమంతా ఒకటేనని ఆమె తేల్చుకుంది.

బుధవారం గుట్టకి వెళ్లారు. కారులో గంటన్నర. ఒకసారికి పదిహేను మందిని ఎక్కనిస్తారు, వాళ్లు దిగాక ఇంకో పదిహేను మంది. మిగతావాళ్లు చెట్ల కింద రాతి అరుగు మీద వరసగా కూర్చోవాలి. ముందువాళ్లు లేచినకొద్దీ జరుగుతూ పోవాలి. గంటకి పైగా జరిగి జరిగి నాగమల్లేశ్వరి వరసలో నాలుగో మనిషి అయింది. తర్వాతి జట్టు తనదే. అప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఈశ్వరరావు, నిఖిల అప్పటికే కొబ్బరినీళ్ల బండి దగ్గర ఉన్నారు. ఆమె తన చోట టిష్యూ పొట్లం పెట్టి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పది నిమిషాలైంది. అరుగు మీద తన చోట ఒక లావుపాటి ఆయన కూర్చుని ఉన్నాడు. తన జట్టు సగం మెట్లు ఎక్కేసింది. టోపీ పెట్టుకున్న కాపలా మనిషి ఆమెని చూసి గబగబా వచ్చి, టిష్యూ పొట్లం రెండు చేతులా పట్టుకుని అందించాడు. పోగొట్టుకున్న వస్తువు దొరికిందన్న సంతోషం అతని మొహంలో కనిపించింది.

ఆమె వరస చివరికి వెళ్లి కూర్చుంది. ఇరవై నిమిషాలకి వాన మొదలైంది. తడి మెట్ల మీద ఎవరినీ ఎక్కనివ్వరు. పైనున్నవాళ్లని దించేసి మొదటి మెట్టుకి గొలుసు కట్టేశారు.

కారులో తిరుగుముఖం పట్టారు. నిఖిలే ముందు నోరు విప్పింది.

"అమ్మా, సీరియస్లీ. టిష్యూ పెట్టి చోప్ చేశావా? ఇక్కడ?"

"బీచ్‌లో పనిచేసింది కదే."

"బీచ్‌లో ఆ టైముకి ఎవరూ రాలేదు లా."

ఈశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నాగమల్లేశ్వరి చేతిలో పొట్లం ఇంకా అలాగే ఉంది. దాన్ని విప్పి, ఒకటి తీసి, మోకాలి మీది బురద తుడుచుకుంది.

గురువారం రోజంతా వాన. శుక్రవారం వాన లేదు కానీ మెట్లు ఆరలేదని గొలుసు తియ్యలేదు. ఆ సంగతి ఆమె రిసార్ట్ కౌంటర్లో అమ్మాయి చేత ఫోన్ చేయించి తెలుసుకుంది. మిగిలింది శనివారం. ఆదివారం విమానం.

శనివారమే ఈశ్వరరావు జన్మనక్షత్రం. మధ్యాహ్నం మూడింటికి ఒడ్డున పందిరి, దండలు, ఫోటోలు తీసే మనిషి, అన్నీ నిఖిల ఏర్పాటు చేసింది. శుక్రవారం భోజనాల దగ్గర నాగమల్లేశ్వరి తన సంగతి చెప్పింది. ఎనిమిదింటికి గొలుసు తీస్తారు. ఐదున్నరకి బయల్దేరితే ఏడుకి అరుగు మీద ఉండొచ్చు.

"అమ్మా, నో. త్రీ ఓ క్లాక్ ఫంక్షన్. నువ్వు అక్కడ పడిపోతే? నాన్న సిక్స్టియత్ ఇది. యూ కాంట్ బీ లైక్ దిస్ లా."

"మూడింటికి ఉంటాను."

"ప్రామిస్ చెయ్యగలవా?"

"ఉంటానన్నాను కదా."

నిఖిల తండ్రి వైపు తిరిగింది. ఆయన చేప ముల్లు తీసుకుంటున్నాడు.

"దండలు మూడింటిదాకా వాడిపోవు," అన్నాడు. "మీ అమ్మని ఆపితే ఫిబ్రవరి దాకా వాడిపోయే ఉంటుంది. వెళ్లనీ."

"నాన్నా, నువ్వు కూడానా."

"నేను లేకుండా ఎలా? ఈసారి టిష్యూ పొట్లం నేనే. నన్నెవరూ ఏరి చేతికివ్వరు."

ఏడూ ఐదుకి ఈశ్వరరావు రాతి అరుగు మీద మొదటి చోట కూర్చున్నాడు. గొడుగు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని కదలలేదు. నాగమల్లేశ్వరి రెండుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చింది, అవసరం లేకపోయినా. ఎనిమిదింటికి కాపలా మనిషి వచ్చి మెట్లు చేత్తో తడిమి చూసి గొలుసు తీశాడు. ఆమెని గుర్తుపట్టి, జేబు తట్టి చూపించాడు. టిష్యూ ఉందా అని. ఉందని ఆమె తలూపింది.

"ఏవండీ, టైము చూడండి," అంది. మంచికాలు మొదటి మెట్టు మీద పెట్టింది.

ఎక్కడం వసుంధర చెప్పినట్టే జరిగింది. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆగింది. జట్టులో పడుచువాళ్లంతా ఆమెని దాటుకుపోయారు. లెక్క తప్పకుండా పైకి గొణుక్కుంటూ ఎక్కింది. పైన నూట నాలుగు. యాభై రెండు రెండుసార్లు. అలా లెక్క ప్రకారమే కట్టారో, తర్వాత బాగుచేసినవాళ్లు వేసిన మెట్లు అన్నయ్యాయో తనకి తెలియదని, ఏ పుస్తకంలోనూ లేదని ఆమె తర్వాత చెప్పింది.

పైన చిన్న రాతి గది, గబ్బిలాల వాసన. చుట్టూ అడవి, కంటి చివరిదాకా బల్లపరుపుగా. సముద్రం కనబడదు. ఇద్దరు కుర్రాళ్లు చిప్స్ తింటున్నారు. ఆమె నాలుగు మూలలకీ వెళ్లి నాలుగు వైపులా చూసింది. ఫోటోలు తీసింది. ఆరు నిమిషాల తర్వాత మెట్ల అంచుకి వచ్చింది.

పైనుంచి చూస్తే మెట్లు కనబడవు. అంచు, ఆ తర్వాత నేల, అంతే. మిగతావాళ్లు కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగుతున్నారు. మోకాలు అంతగా ముడుచుకోదు కాబట్టి ఆమెకి ఆ దారి లేదు. ఎడమ చేత్తో తాడు పట్టుకుని, పాదం అడ్డంగా పెట్టి, చెడ్డకాలు ముందు వేసింది.

ఇరవై దాకా నొప్పి నాలుగు. ముప్పై దగ్గర ఆరు. నలభై ఒకటో మెట్టు మీద మోకాలి లోపల ఏదో పట్టేసినట్టయి కాలు కిందికి పోలేదు. వెనక్కి ఎక్కడానికీ లేదు. చెయ్యి తాడుని వదలడం లేదు. ముందున్నవాళ్లు దిగిపోయారు, వెనకాల చిప్స్ కుర్రాళ్లు ఆగి నిలబడ్డారు. కింద ఈశ్వరరావు గొడుగు చిన్న నల్లచుక్కలా కనిపిస్తోంది.

అక్కడ ఆమె కళ్లు మూసుకుని, ఆఫీసు గొంతుతో, తనని తానే అడిగింది. ఏ అంతస్తులో ఉన్నారు? నలభై ఒకటో మెట్టు, కింద ఇంకా అరవై మూడు. మీతో ఎవరైనా ఉన్నారా? వెనక ఇద్దరు, కింద ఒకరు. ఊపిరి బాగా ఆడుతోందా?

ఆడుతోంది.

మెకానిక్ రాడు. అది ఆమెకి బాగా తెలుసు. బలవంతంగా లాగకూడదన్నదీ తెలుసు. కాలిని కొంచెం వెనక్కి తీసి, ఊపి, పట్టు వదిలేదాకా ఆగి, మళ్లీ కిందికి వేసింది. నలభై రెండు. అక్కడినుంచి ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ చేర్చి, మూడు లెక్కపెట్టి, తర్వాతిది దిగింది. కుర్రాళ్లు దాటిపోకుండా ఆమె వెనకే, ఆమె వేగంతోనే దిగారు.

ఈశ్వరరావు మొదటి మెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి అందించలేదు. అడిగేదాకా అందించకూడదని బుకిట్ తిమాలోనే నేర్చుకున్నాడు.

"ఎక్కడానికి పద్నాలుగు నిమిషాలు," అన్నాడు ఆమె నేల మీద కాలు పెట్టాక. "దిగడానికి ముప్పై ఒకటి. ఈలోపు ఈ కాపలా ఆయన పిల్లల పేర్లన్నీ తెలిసిపోయాయి నాకు."

"ఇప్పుడు చెయ్యివ్వండి," అంది నాగమల్లేశ్వరి.

పదకొండుకి రిసార్ట్‌కి చేరారు. మూడింటికి పందిరి కింద దండలు వేసుకున్నారు. ఆ ఫోటోల్లో తండ్రీకూతుళ్లు నిలబడి ఉంటే ఆమె మాత్రం కుర్చీలో కూర్చుని ఉంటుంది. పట్టుచీర కుచ్చిళ్ల కింద మోకాలి మీద, బార్‌లో అడిగి తెచ్చిన ఐసు సంచి ఉంది. నిఖిలే తెచ్చి కట్టింది. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది.

సింగపూర్ తిరిగొచ్చిన మర్నాడు ఆమె ఒంగోలుకి ఫోన్ చేసింది.

"ఎక్కావా?" అంది కాత్యాయని.

"ఎక్కాను. దిగాను కూడా."

"పైన ఏముందే?"

"ఏమీ లేదక్కా. చెట్లు. గబ్బిలాలు."

"దానికా అంత దూరం పోయావు?"

"ఎక్కి చూశాను కాబట్టి చెప్తున్నా," అంది నాగమల్లేశ్వరి. మోకాలు ఎలా ఉందని అడిగింది అక్క.

అదే ప్రశ్న గురువారం వసుంధర అడిగింది, కంప్యూటర్ ముందు కూర్చుని.

"నంబర్ చెప్పండి ఆంటీ. రెండేనా?"

"ఎనిమిది."

వసుంధర తలెత్తింది. "ఇప్పుడా?"

"అక్కడ. నలభై ఒకటో మెట్టు నుంచి కిందిదాకా. ఇప్పుడు ఏడు."

"ఆరు దాటితే ఆపెయ్యమన్నాను కదా."

"మధ్యలో ఉన్నా కదమ్మా. ఎక్కడ ఆపను?"

"మరి ఏప్రిల్ నుంచి చెప్పిన రెండులు?"

"ఐదు. ఆదివారాలు ఆరు."

వసుంధర తెర మీద వెనక్కి వెళ్లి, పద్నాలుగు తేదీల పక్కన పద్నాలుగు రెండులు తీసి ఐదులు వేసింది. చివర ఎనిమిది, దాని కింద ఏడు కొట్టింది. ఆ లెక్క చూసి సర్జన్ రెండు రోజుల్లో కబురు పంపాడు. ఆపరేషన్ ఫిబ్రవరి పదకొండు నుంచి జనవరి ఆరుకి మారింది.